పట్టపగలు రోహిణి

హిందూపురంలో బడిపిల్లలకు సైన్సు చెప్పే నాకు, ఆ సైన్సును మా నాయన ముందర ఒలకబోయాలని ఎప్పుడూ ఒక దురద. నాయనది పెనుకొండ దగ్గర మెట్టసేద్యం, వేరుశనగ. తేదీ అడిగితే తడుముకుంటాడు గానీ ఏ కార్తె నడుస్తోందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఆకాశాన్ని చూపే సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో వేసుకున్న కొత్తలో నాకు పిచ్చే పట్టింది. ఊరు మార్చొచ్చు, ఏడాది మార్చొచ్చు. నేను పుట్టిన సాయంత్రం మా ఊరి మీద చుక్కలు ఎట్లా ఉన్నాయో చూసుకుని మురిసిపోయాను. అబ్బా, ఎంత గొప్పది!

ఆ వేసవిలో నాయనా నేనూ ధర్మవరంలో చెల్లెలింటికి వెళ్ళాం. వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. పొద్దుగూకగానే మిద్దెనెక్కి, చెల్లెలి మామగారికి గ్రహాలు చూపిస్తూ గొప్పలు పోతున్నాను. నాయన కూడా ముచ్చటపడ్డాడు.

"రోహిణి కార్తె నడుస్తాండాది గదప్పా. రోహిణిని చూపీ" అన్నాడు.

పేరు కొట్టాను. నేల కింద ఉందని చూపింది. గంటలు ముందుకు జరిపాను. తెల్లారేదాకా రోహిణి ఎక్కడా రాలేదు.

"నాయనా, మీ రోహిణి కార్తెలో రోహిణే లేదు! ఇన్నేండ్లూ లేని చుక్కను నమ్ముకొని సేద్యం చేసినారే" అని పగలబడి నవ్వాను. మామగారూ నవ్వారు. నాయన తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. మర్నాడు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఊరికి బస్సెక్కాడు. వియ్యంకుడి ముందర కన్నకొడుకే నవ్వులపాలు చేస్తే ఇంకేం చేస్తాడు?

హిందూపురం వచ్చినా మనసు కుదురుగా లేదు. సెలవులే గనుక, మిట్టమధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పగటి వెలుగును తీసేసే బటన్ ఒకటి అందులో ఉంది. అంతవరకు దాని అవసరమే రాలేదు. నొక్కాను. నీలమంతా పోయి ఆకాశం నల్లబడింది. నడినెత్తిన సూర్యుడు చిన్న బిళ్ళలాగా మిగిలాడు. ఆయన పక్కనే ఎర్రటి చుక్క.

రోహిణి!

సూర్యుడు ఏ చుక్క దగ్గరుంటే అదే కార్తె. ఆ చుక్క ఎండలో మునిగి కనబడదు. కనబడకపోవడమే కార్తె అని, సైన్సు మాస్టారినైన నాకు తట్టలేదు. ఛీ, ఏం చదువు నాది!

వెంటనే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని పెనుకొండ బస్సెక్కాను. నాయన వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. ఎదుట కూర్చుని చూపించాను.

"ఇదేముండాదిలే" అన్నాడు తల ఎత్తకుండానే. "సాయంత్రం పూట పడమట దినామూ కిందికి దిగుతాండె. కనపడకుండా పాయ. పొద్దులోకి పొయ్యిందని మాకు తెలీదా? కొన్నాళ్ళకు తెల్లారుజామున తూర్పున వస్తాది. నీ పెట్టెలోనన్నా కనపడతాదేమోనని అడిగితి."

"మరి ఆపొద్దే చెప్పొచ్చు గదా నాయనా?"

"చెప్పనిస్తివా నువ్వు?"

ఏ పెట్టే లేకుండా, ఎండ వెనకాల చుక్క ఎక్కడుందో తెలిసిన మనిషి ఆయన. నాయన చేతులు దులుపుకుని లేచాడు.

"నువ్వు నవ్వింది ఈడ కాదు, ధర్మవరంలో. ఆ పెట్టె ఎత్తుకో, ఆడికే పోదాం పా."

మేం వెళ్ళేసరికి మామగారు నేతలో ఉన్నారు. మగ్గం గుంతలో నుంచి లేచి వచ్చారు. ఈసారి బటన్ నాయనే నొక్కాడు. పట్టపగలు సూర్యుడి పక్కన ఎర్రగా రోహిణిని చూసి మామగారు నోరెళ్ళబెట్టారు.

"తప్పు నాదే మామా" అందామని నోరు తెరిచాను. నాయన నా భుజం మీద చెయ్యి వేసి, నాకన్నా ముందే అందుకున్నాడు.

"చూసినావా బావా? మావోడే కనిపెట్టినాడు."