సైడు అద్దానికి కట్టిన కోడి

ఎవరైనా మనకు నష్టం చేసినా ఊరుకున్నామంటే అది మంచితనమా, మొహమాటమా? కాలేజీ రోజుల నుంచీ నాకు తేలని ప్రశ్న ఇది.

ఈ రోజు జి.మాడుగుల సంతలో చిక్కుడుగింజలు కొనుక్కుని వచ్చేసరికి, నా కారు తలుపు మీద జానెడు గీత, సైడు అద్దానికి కట్టేసిన నల్లకోడి కనిపించాయి. పక్కనే ఓ ఆటో డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఆటో ఎనక్కి తీత్తంటే గీసీసినానమ్మా. తప్పు నాదే. ఈ కోడినట్టుకెళ్లిపోండి.”

“నేను కోడి తినను బాబూ!”

“పెంచుకోండి. మా ఊర్లో తప్పుకి కోడి ఇచ్చీడమే. మీరు తీసుకోపోతే తప్పు నా మీదే ఉండిపోద్ది.”

పక్కన చింతపండు అమ్ముతున్న ముసలమ్మ అందుకుంది: “జానెడు గీతకి కోడి సాలదేటమ్మా? మేక కావాలేటి?”

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. తిడదామనుకున్న మాటలన్నీ మింగేసి కోడిని వెనక సీట్లో కూర్చోబెట్టాను. అతని మొహం వెలిగిపోయింది.

పాడేరులో మా ఇల్లు చేరేసరికి కోడి సీటంతా పాడుచేసింది. దాని ముందు గీత ఎంత! ఈ తప్పుకి ఎవరు ఎవరికి కోడి ఇవ్వాలి?

ఇప్పుడది మా వంటింటి గడప మీద కునుకుతోంది. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను అతన్ని క్షమించానో, నలుగురి ముందు మొహమాటపడ్డానో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.