అటెండరు మామ, నా నలభై శాతం

మా అటెండరు మామ పోయాడని మొన్న అమ్మ పుంగనూరు నుంచి ఫోను చేసింది. నేను కుప్పంలో, మా బడిలో, ఐదో తరగతి పిల్లల పేపర్లు దిద్దుతూ ఉన్నాను. ఆ పూట ఎవరికి ఎన్ని మార్కులు వేశానో నాకే తెలియదు. మరుసటి రోజు అన్నీ మళ్లీ దిద్దాను.

ఆయన మాకు చుట్టం కాదు, ఎదురింటాయన. మండలాఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. పింఛనుకో, బస్సు పాసుకో, మూడు చక్రాల బండికో అర్జీ పెట్టుకోవాలంటే నిమ్మనపల్లె నుంచి కూడా వికలాంగులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ముందు చెంబుతో నీళ్లిచ్చేవాడు, తర్వాతే కాగితాలు అడిగేవాడు. రేషను కార్డు, వయసుకి బడి సర్టిఫికెట్టు, ఫొటోలు, అన్నిటికన్నా ముందు వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చే సర్టిఫికెట్టు. "దాంట్లో నలభై శాతం పడకపోతే తక్కినవన్నీ ఉండీ లేనట్టే" అనేవాడు. "ఒరిజినలు ఎవురికీ ఇయ్యొద్దప్పా, జెరాక్సే ఇయ్యి" అని ఒక్కొక్కరికి మూడుసార్లు చెప్పేవాడు. వేలిముద్రల వాళ్ల కోసం జేబులో ఇంకు ప్యాడు పెట్టుకునేవాడు. చొక్కాలన్నిటికీ నీలి మరకలే. అత్త తిడుతూనే ఉతికేది.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. తొడ మీద చెయ్యి ఆనించి నొక్కితేనే అడుగు పడుతుంది. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ కళ్లతోనే "చెయ్యి తియ్యి" అనేది. అలా చెయ్యి తీసి నాలుగడుగులు వెయ్యడం నేర్చుకున్నాను. ఐదో అడుగుకి ఏ గోడో దొరకాలి.

తొంభైల చివర్లో నా ఇంటరు అయింది. టీచరు ట్రైనింగులో వికలాంగుల కోటా ఉందని మామే చెప్పాడు. ఆ సీటు రాకపోతే చదువు ఇక చాలని నాన్న తేల్చేశాడు. డాక్టర్ల సర్టిఫికెట్టుకి మామ అర్జీ పెట్టించాడు. మదనపల్లెలో క్యాంపుకి తేదీ వచ్చింది.

పెద్ద డాక్టర్ల ముందుకి పోతున్నామని అమ్మ నాకు పట్టు పావడా కట్టించి, తలనిండా పూలు పెట్టింది. గది తలుపు నుంచి డాక్టరు బల్ల దాకా సరిగ్గా నాలుగడుగులు. చెయ్యి తీసేసి దర్జాగా నడిచాను. డాక్టరు పావడా ఎత్తమంటే అమ్మ చీలమండ దాకా ఎత్తి గబుక్కున వదిలేసింది. మా వెనక పెద్ద వరుస. కాగితం మీద నలభైకి తక్కువే పడింది. బాగా నడిచానని మురిసిపోయినదాన్ని నేనే, ఇక ఎవరిని తిట్టుకోను?

మామ ఆ కాగితం చూశాడు. నా తలలో పూలు చూశాడు.

"డాక్టరు కాడికి పిల్సుకపోతివా, పెండ్లిసూపులకు పిల్సుకపోతివామ్మా?"

అమ్మ భోరుమంది. "నలుగుర్లో నా బిడ్డ కుంటతా పోతే ఎట్ల సూడాలన్నా?"

"తప్పు నాదేలేమ్మా. కాగితాలన్నీ సెప్పినా, ఈ ఒక్క మాట సెప్పలే." తర్వాత నా వైపు తిరిగాడు. "అబద్ధం ఆడమనడంల్యా పాపా. ఉండేది ఉండేట్టు సూపించు. ఇంట్లో ఎట్ల నడుస్తాండావో ఆడా అట్లే నడువు."

మళ్లీ పరీక్ష చెయ్యమని అర్జీ రాయించాడు. దాని వెనక ఎన్నిసార్లు తిరిగాడో మాకు చెప్పలేదు. రెండో తేదీకి ఆయనే మా వెంట వచ్చాడు.

గది నిండా మనుషులు. తొడ మీద చెయ్యి ఆనించాను. అడుగడుక్కీ ఒక పక్కకి ఒరుగుతూ, లేస్తూ నడిచాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఈసారి పావడా అమ్మే మోకాలి పైదాకా ఎత్తి పట్టుకుంది. డాక్టరు టేపు పెట్టి రెండు కాళ్లూ కొలిచాడు. నలభై దాటింది.

ఈ ఊళ్లో నన్ను టీచరమ్మా అని పిలుస్తున్నారంటే ఆ కాగితం చలవే. నేను మామకి చేతులెత్తి దండం పెట్టుకునేది మాత్రం ఆ రోజు దాని తర్వాత జరిగినదానికి. ఆస్పత్రి వరండాలోకి రాగానే జనం కనబడ్డారు. అలవాటు కొద్దీ చెయ్యి తీసేశాను. అమ్మ నా చేతిలోని కాగితాల ఫైలు తను తీసుకుంది.

"చెయ్యి పెట్టుకునే నడువమ్మా" అంది.

ముందు పోతున్న మామ వెనక్కి తిరగలేదు. తన అడుగు మాత్రం చిన్నది చేసుకున్నాడు.