యార్క్ షాపు కోసం గుంటూరు మిల్లులో ఒక పూట

ఇంగ్లండులో యార్క్ అని ఒక పాత ఊరుంది. ఊరి చుట్టూ రాతి గోడ, ఆ గోడ మీద జనం నడుస్తారట. లోపల సందులు ఎంత ఇరుకంటే, మేడ మీద వాళ్లు కిటికీలోంచే ఎదురింటికి ఉప్పు అందించవచ్చట. అలాంటి సందులో మా అమ్మాయి రజని, దాని స్నేహితురాలు ఫాతిమా కలిసి కారం దోసెల షాపు పెట్టారు. వంట రజనిది, కౌంటర్ ఫాతిమాది. పోయిన చలికాలంలో రజని అక్కడే పోయింది. జబ్బు, ఆసుపత్రి, అంతా పదకొండు రోజులు. అప్పటినుంచి షాపు మూసే ఉంది. తెరుస్తారా, ఖాళీ చేస్తారా, ఈ నెలాఖరుకు తేల్చమని యజమాని అడిగాడు. తెరవాలంటే కారంలో ఏమేమి ఎంతెంత వేస్తారో ఫాతిమా దగ్గర కాగితం మీద ఉండాలి. రజని ఏదీ రాసిపెట్టలేదు. నా దగ్గర నేర్చుకున్న పిల్ల, నాదంతా గుప్పెడు కొలత. అందుకని ఫాతిమా నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా చిక్కు వేరు. మనిషి పోయిన ఏడాది మా ఇళ్లలో ఇంటి కారం కొట్టించరు. ఏడాది తిరగడానికి ఇంకా నాలుగు నెలలుంది. "మిల్లు దాకా వస్తాను, ఆ తర్వాత చూద్దాం" అన్నాను.

అద్దంకిలో ఉదయం ఐదున్నరకు కారెక్కాను. డీజిల్‌తో కలిపి రానూపోనూ మూడున్నర వేలు. సామాను లేకపోతే బస్సు చాలు, రెండున్నర గంటల్లో గుంటూరులో దింపుతుంది. చిలకలూరిపేటలో ఫాతిమా వాళ్ల వీధి మొదట్లోనే నిలబడి ఉంది. డ్రైవర్ కోటయ్య ఊరుకునే రకం కాదు.

"ఏం పాపా, ఆ తెల్లోళ్లు మన కారం తిని బతికే ఉన్నారా?"

"ఉన్నారు బాబాయ్. ఒకాయనైతే మూడో దోసె కూడా అడిగాడు."

"మూడో దోసె అడిగాడంటే, ఆడి పూర్వీకులెవరో నరసరావుపేటోళ్లే!"

ఎనిమిదింటికి గుంటూరు చేరాం. మిర్చి యార్డు లోపల బస్తాల బేరమే. మనలాంటి వాళ్లు గేటు బయట కొట్లలో కొనుక్కోవాలి. తేజ రకం మూడు కిలోలు తీసుకున్నాను. కోటయ్య తుమ్ముతూ కారులోనే కూర్చున్నాడు. మిల్లు అక్కడికి పది నిమిషాల దూరం. పక్కనున్న షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్లున్నారు. కిలోకు ఇంతని తీసుకుని తీసిపెడతారు కానీ, మేమూ వాళ్లతో కూర్చున్నాం. గంట పట్టింది.

ఆ గంటలో ఫాతిమా ఒక సంగతి చెప్పింది. షాపు తెరిచిన మొదటి వారం చలికి తలుపులన్నీ మూసేసి, రజని మన ఇంట్లో లాగే మిరపకాయలు వేయించిందట. పొగ సందులోకి పోయి, పక్కనున్న కొవ్వొత్తుల కొట్టు ముసలావిడ రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చిందట. వెనకాల సందంతా దగ్గులేనట.

"అది నాకు ఫోన్లో చెప్పలేదే" అన్నాను.

"తిడతారని చెప్పలేదు ఆంటీ."

తిట్టేదాన్నే.

మిల్లు మస్తానమ్మగారిది. తెచ్చిన సరుకు కలిసిపోకుండా ఒక్కొక్కరి డబ్బాకు పేరు రాసి చీటీ అంటిస్తుంది. "ఎవరి పేరు రాయమంటావు వదినా?" అంది. ఫాతిమా పేరు రాయమన్నాను. దాని పేరున ఆడిస్తే అది మా ఇంటి కారం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు నా గుప్పిటతో తీసి చిన్న తక్కెడలో పోస్తుంటే ఫాతిమా గ్రాముల్లో రాసుకుంది. మరపట్టాక అన్నీ కలిపి నాలుక మీద వేసి చూసింది. దాని మొహం మారిపోయింది.

"ఆంటీ, కారం బాగుంది. కానీ ఇది మా షాపు కారం కాదు."

"నేను నేర్పిందేగా అది చేసింది?"

"ఆ పొగ గొడవయ్యాక మార్చేసింది. ఇంకా ఎర్రగా ఉండేది, ఇంత మంట ఉండేది కాదు. వెల్లుల్లి మాడిన వాసన వచ్చేది. అందరితో మాత్రం మా అమ్మ కారం అనే చెప్పేది."

మస్తానమ్మగారు పక్కనుంచి అంది: "అయితే సగం బ్యాడిగి మిరపకాయ, అదే కర్ణాటక రకం, కలిపుంటుంది. రంగుకి రంగు, మంటకి మంట తగ్గుద్ది."

కోటయ్యను పంపి ఒక కిలో బ్యాడిగి తెప్పించాను. రెండోసారి ఉప్పు ఎక్కువైంది. మూడోసారి వెల్లుల్లిని తొక్కతోనే మిల్లు పొయ్యి మీద నల్లగా అయ్యేదాకా మాడ్చాను. నా వంటింట్లో ఎవరైనా అలా చేస్తే గరిటె లాక్కునేదాన్ని. ఫాతిమా చిటికెడు వేసుకుని కళ్లు మూసుకుంది.

"ఇదే ఆంటీ."

నేనూ వేసుకున్నాను. కొంచెం తియ్యగా, మెత్తగా ఉంది. మా ఇంట్లో పెడితే కంచం పక్కకు నెట్టేస్తారు. ఫాతిమా కొలతలన్నీ రాసుకుని నాకు చదివి వినిపించింది. మస్తానమ్మగారితో డబ్బా మీది చీటీ మార్చమన్నాను. "ఇప్పుడెవరి పేరు?" అంది. రజని అని రాయమన్నాను.

పన్నెండున్నరకు తిరుగుదారి పట్టాం. ఆదివారం ఫాతిమా విమానం ఎక్కుతుంది, షాపు తెరుస్తుంది. దారంతా ఒకటే అనుకున్నాను. ఏడాది లోపు కొట్టించకూడనిది ఇంటి కారం. ఇది ఇంటి కారం కాదు. నా పిల్ల ఆ ఊళ్లో, ఆ ఊరివాళ్ల కోసం, నాకు చెప్పకుండా చేసుకున్న కారం. నేను దాన్ని తినడం ఇదే మొదలు. ఇంటికొచ్చి వేడన్నంలో కలుపుకుని మొత్తం తిన్నాను.

మిల్లుకు వెళ్లేవాళ్లకు ఒక మాట. మరలో ముందువాళ్ల పొడి మిగిలే ఉంటుంది. మొదట వచ్చే అరకిలో పక్కన పెట్టేయండి. తర్వాత వచ్చేదే మీది.