బాపు చదివిచ్చిన పాఠం

ఇవాళ చౌటుప్పల్ బస్సులో పక్క సీటు పాప ఫోన్‌లో పాఠం వింటోంది. నాకు గంజి వాసన కొట్టే మా మగ్గం గది గుర్తొచ్చింది.

నాకు పుస్తకం చదివితే ఎక్కేది కాదు, వింటేనే గుర్తుండేది. మీలో ఎంతమందిని సార్లు ఇందుకే మొద్దులన్నారు? మా బాపు మగ్గం మీద కూర్చుని ఒక వాక్యం చదివి, కాసేపు నేసేవాడు. ఆలోపు నేను అప్పజెప్పాలి. నేను హాస్టల్‌కు పోయేముందు అలాగే ఒక పాఠం ఫోన్‌లో రికార్డు చేసిచ్చాడు.

బాపు పోయాక మొదటిసారి ఇవాళ దాన్ని పెట్టుకున్నాను. కృష్ణానది గురించి ఒక వాక్యం చదివి, "చెప్పు బిడ్డా" అన్నాడు. మగ్గం చప్పుడు మొదలైంది. అప్పజెప్పాల్సిన నేను ఆ చప్పుడే వింటూ కూర్చున్నాను.

చప్పుడు ఆగింది.

"యాదికి రాలేదా? ఫికర్ చెయ్యకు బిడ్డా, మల్లొక్కసారి చదువుత."