సముద్రమున్న రాజధాని

దువ్వాడ స్టేషన్ బయట అసిరమ్మ ఇడ్లీ బండి ఎరగనివాళ్ళు ఆ చుట్టుపక్కల ఉండరు. ఉక్కునగరంలో నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్ళూ, కాలేజీ పిల్లలూ, పరవాడ మందుల కంపెనీల బస్సు కోసం నిలబడ్డవాళ్ళూ ఆమె చేతి అల్లం చట్నీ నాలిక్కి తగిలాకే ఈ లోకంలో పడతారు. మనిషిది గట్టి గొంతు, గలగలా నవ్వు. ఎవరికీ ఓ పట్టాన లొంగదు. అలాంటి మనిషి సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకి మాత్రం గరిటె చేతిలోనే ఉంచుకుని మెత్తబడిపోతుంది. స్టేషన్ మైకులో ఆడగొంతు ఊళ్ళ పేర్లన్నీ చదువుకుంటూ పోయి చివర్న "హైదరాబాద్" అనగానే ఆవిడ కళ్ళు ఎక్కడికో వెళ్ళిపోతాయి. అట్టు మాడితే గాని తిరిగి రావు.

దీనికంతటికీ మూలం పెళ్ళయిన కొత్తలో మొగుడు త్రినాథరావు ఇచ్చిన మాట. సొంత మేనత్త కొడుకే. ఇద్దరూ పరవాడ అవతల పల్లెలో ఒకే గట్టు మీద ఆడుకుని పెరిగారు. లారీ స్టీరింగ్ చేతికొచ్చిన గర్వంతో అతను ఒకరోజు జబ్బ చరిచి చెప్పాడు.

"ఒలే అసిరీ, నిన్ను రాజధాని తీసుకెల్లి సార్మినారు మీద నిలబెట్టకపోతే నాను మీ అత్త కొడుకునే కాదు. ఇద్దరం కలిసి ఒకపాలే సూద్దాం."

అత్త కొడుకు కాకుండా పోవడం ఎలాగూ కుదరదు కాబట్టి ఆ మాట అలాగే ఉండిపోయింది. ఓసారి ఆమె కడుపుతో ఉంది, ఓసారి మామ మంచాన పడ్డాడు. టికెట్లు చేతికొచ్చిన ఏడాది బంద్‌లు మొదలై రైళ్ళు ఆగిపోయాయి. ఆ గొడవ సద్దుమణిగేసరికి రాష్ట్రం రెండయింది, రాజధాని పక్కింటివాళ్ళ వాటాలో పడింది. తర్వాత కృష్ణ ఒడ్డున అన్నారు. మధ్యలో కొన్నాళ్ళు మన విశాఖే అన్నారు. అప్పుడు త్రినాథరావు మీసం దువ్వుకుని, "సూసినావా, నువ్వు ఎల్లక్కర్నేకుండా దాన్నే నీ కాడికి రప్పించీసినాను" అన్నాడు. ఆ ముచ్చటా ఎక్కువకాలం నిలవలేదు. అసిరమ్మ ఈ మార్పులేవీ పట్టించుకోలేదు. మొగుడు మాటిచ్చిన రోజున ఏది రాజధానో ఆవిడకి ఇప్పటికీ అదే రాజధాని.

అతను మాత్రం వెళ్తూనే ఉండేవాడు. లారీ వదిలి ట్రావెల్స్‌లో కారు డ్రైవరయ్యాక తరచూ హైదరాబాద్ పార్టీలు తగిలేవి. అక్కడికి చేరిన పూట ఫోన్ రావాల్సిందే.

"ఏటి సూసినావ్ బావా?"

"సార్మినారు కాడే ఉన్నాను. ఎంతెత్తనుకున్నావ్! మెడ పట్టీసింది."

"పైకెక్కినావా?"

"ఎక్కనేటి? పైనుంచి సూత్తే ఊరంతా కనపడతాది. ఆ సివర సంద్రం. పెద్ద పెద్ద ఓడలూని."

ఇలా విన్న ముక్కలన్నీ పోగేసుకుని అసిరమ్మ తనకో ఊరు కట్టుకుంది. అందులో గాజుల కొట్ల మధ్య సన్నటి వీధులున్నాయి. ఆ వీధుల్లోకి సాయంత్రమయ్యేసరికి ఉప్పు గాలి వస్తుంది. నాలుగు మినార్ల మీదా పావురాలుంటాయి, అవి ఎగిరితే ఓడల దాకా వెళ్ళి వస్తాయి. పిండి రుబ్బుతూ, చట్నీ తాలింపు వేస్తూ ఆవిడ ఆ వీధుల్లో తిరిగేది. మొగుడు ఇంటికి రాగానే, "నువ్వు రాజధాని సూసొచ్చీసినావు, నాను ఇడ్లీలు సూత్తన్నాను" అని దెప్పేది. ఆ దెప్పుడు వినకపోతే త్రినాథరావుకి ఇల్లు చేరినట్టే ఉండేది కాదు.

అంతా బాగానే ఉండేది, మధులత గనక ఆ బండి దగ్గరికి రాకపోతే. హైదరాబాద్ నుంచి వచ్చి దువ్వాడ కాలేజీలో చేరిన అమ్మాయి. ప్లేటు అందిస్తూ అసిరమ్మ మహా తెలిసినట్టు, "మీ సార్మినారు మీంచి సంద్రం బాగా కనపడతాదట గదా పాపా" అంది. ఆ పిల్లకి నవ్వుతో పొలమారింది.

"హైదరాబాద్‌లో సముద్రమెక్కడిది ఆంటీ? సముద్రం కోసమే కదా నేను రాత్రంతా రైల్లో కూర్చుని ఇక్కడికొచ్చింది!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అసిరమ్మ కూడా నవ్వింది. ఆ రోజు చట్నీలో ఉప్పు వేయడం మర్చిపోయింది.

సముద్రం లేదు అంటే బావ చార్మినార్ ఎక్కలేదు. ఎక్కకుండానే ఎక్కానన్నాడు. మరైతే ఇన్నేళ్ళూ ఇన్ని ట్రిప్పులూ ఎక్కడున్నాడు? ఎవరి దగ్గరున్నాడు? ఆ ప్రశ్న ఒకసారి లోపలికి వచ్చాక బయటికి పోలేదు. నోరు తెరిచి అడగాలంటే అంత నోరున్న మనిషికీ భయం వేసింది. అడిగితే ఉన్న ఊరూ పోతుంది, ఉన్న మనిషీ పోతాడేమో. అందుకని ఊరుకుంది. అతను హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే "తిన్నావా" అనేది తప్ప "ఏటి సూసినావ్" అనడం మానేసింది. త్రినాథరావుకి ఆ తేడా తెలిసింది గాని కారణం తెలియలేదు.

అలా ఉండగా పొడుగు కారు సంగతి వచ్చింది. ట్రావెల్స్ యజమాని దేవీప్రసాద్ పెళ్ళిళ్ళకి తిప్పుదామని తెల్లటి లిమోజిన్ ఒకటి తెప్పించాడు. త్రినాథరావు దాన్ని రైలుపెట్టె అనేవాడు. అది ఏ సందూ తిరగదు. పెళ్ళికొడుకులు మెయిన్ రోడ్డు మీద దిగి నడిచిపోవాల్సి వచ్చేది. చివరికి దాన్ని హైదరాబాద్‌లో ఎవరో కొనుక్కున్నారు.

"రేపు పట్టుకెళ్ళి అప్పజెప్పేసిరా, త్రినాథ్" అన్నాడు దేవీప్రసాద్. "నిలబడిపోయిన బండి కదా, ఇవాళంతా ఊళ్ళో తిప్పి చూడు. ఖాళీగా ఎందుకు, మీ ఆవిడని ఎక్కించుకో."

ఇడ్లీలు అయిపోయే వేళకి ఆ కారు వచ్చి స్టేషన్ ముందర ఆగింది. ఆగడమంటే, మూతి ఆటోస్టాండు దగ్గరా తోక అసిరమ్మ బండి దగ్గరా ఆగింది. త్రినాథరావు తెల్ల చొక్కా వేసుకుని దిగి, వెనక తలుపు తీసి వంగి నిలబడ్డాడు. అసిరమ్మ ఇంటికెళ్ళి వంకాయరంగు పట్టుచీర కట్టుకొచ్చింది. ముస్తాబైతే అయింది గాని మనసులో అనుకున్నది వేరు. ఇవాళ అడిగేయాలి. రేపు బండితోపాటు ఇతను మళ్ళీ అక్కడికి వెళ్ళేలోపు తేలిపోవాలి.

లోపల కప్పుకి నక్షత్రాల్లా చిన్న చిన్న దీపాలు. సీటులో కూర్చుంటే సగం మనిషి దిగిపోయింది. ఆమెకీ మొగుడికీ మధ్య ఓ వంటగదంత ఖాళీ, ఆ తర్వాత అద్దం గోడ. డ్రైవరుతో మాట్లాడే మీట ఎప్పుడో పాడైపోయింది. కారు కదిలిందో లేదో ఒళ్ళో ఫోన్ మోగింది.

"అలో?"

"మేడమ్ గారండీ, డ్రైవర్ని మాటాడతన్నానండి. రాజధాని దర్శనం మొదలెట్టమంటారా?"

అద్దం అవతల చెవిలో తీగ పెట్టుకున్న అతని మెడ వెనకభాగం కనిపిస్తోంది. అసిరమ్మ నవ్వు ఆపుకోలేక, "కానియ్" అంది.

ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించగానే, "అయ్యండీ, గోలుకొండ బురుజులు" అన్నాడు. గాజువాక జనాన్ని చూపించి, "వీలంతా మిమ్మల్ని సూడ్డానికే వచ్చినారు" అన్నాడు. రంగు అద్దాల్లోంచి అంతా నీలంగా, చప్పుడు లేకుండా జరిగిపోతోంది. రోజూ చూసే బస్సులే ఏదో నీళ్ళ అడుగున వెళ్తున్నట్టున్నాయి. పోర్టు దగ్గర బొగ్గు గుట్టలూ, వాటి మీదకి వంగిన క్రేన్లూ నీలిరంగు పూసుకుని ఎక్కడివో రాజుల కోటల్లా నిలబడ్డాయి. ఇన్నేళ్ళుగా తలలో కట్టుకున్న ఊరూ, పుట్టినప్పటి నుంచీ ఉన్న ఊరూ ఎక్కడ కలుస్తున్నాయో అసిరమ్మకి తెలియలేదు. గాజుల వీధి ఆ మలుపు తిరిగితే వచ్చేస్తుందనిపించింది. అడగాల్సిన మాట నోటి దాకా వచ్చి, ఇంకొంచెం దూరం పోనీలే అని ఆగిపోతోంది.

బీచ్ రోడ్డులో ఒడ్డున పెట్టిన జలాంతర్గామిని "నిజాం గారి పడవ" అన్నాడు. అక్కడ వెనక్కి తిప్పుకోడానికి కారు రోడ్డుకి అడ్డంగా పడుకుంది. ట్రాఫిక్ కానిస్టేబుల్ కోపంగా పరిగెత్తుకొచ్చి, కారు పొడుగు చూసి, ఎందుకైనా మంచిదని సెల్యూట్ కొట్టాడు. అసిరమ్మ కూడా లోపల్నుంచి తిరిగి కొట్టింది. పాపం, అతనికి కనపడలేదు.

కారు హార్బరు వైపు వచ్చింది. నీళ్ళకి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద తెల్లటి లైట్‌హౌసు.

"అదిగోనండి మేడమ్, సార్మినారు. దాని మీద నిలబడితే సంద్రం ఎలా కనపడతాదంటే..."

"బావా."

"సెప్పండి మేడమ్."

"ఆటలొద్దు. హైదరాబాద్‌లో సంద్రం నేదట."

కారు మెల్లగా పక్కకి జరిగి ఆగింది.

"ఎవుల్సెప్పినారు?"

"ఎవులైతేనేటి. నువ్వు సార్మినారు ఎక్కనేదు. మరి ఇన్నేళ్ళూ ఎక్కడికెల్లినావు? మొకమ్మీద అడగనేక ఫోన్లో అడుగుతన్నాను, సెప్పు."



"అక్కడికే ఎల్లినాను. పార్టీని దింపీసి, బండి పార్కింగులో ఎట్టి, మొకమ్మీద తువ్వాలేసుకుని తొంగునీవోడిని."

"ఎందుకు?"

"ఇద్దరం ఒకపాలే సూడాలనుకున్నాం గదే. ఓపాలి బండెట్టిన కాడినుంచి సార్మినారు కొస అద్దంలో కనపడ్డాది. అద్దం తిప్పీసినాను."



"మరి ఫోన్లో ఆ కబుర్లన్నీ?"

"నువ్వు అంత ఆశగా అడుగుతావు, తొంగున్నానని ఎలా సెప్పను? వచ్చినోళ్ళు సెప్పుకున్నయ్యి కొన్ని, నాను కల్పించినయ్యి కొన్ని. అంత పెద్ద ఊరంటే సివర సంద్రం ఉంటాదనే అనుకున్నాను." నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "సంద్రం నేకండా ఊరెలాగుంటాదే?"

ఆమెకి ఏడుపొచ్చింది. ఈ మనిషినా అనుమానించింది అని సిగ్గేసింది. ఊళ్ళన్నీ తిరిగే మొగుడు ఒక ఊళ్ళో మాత్రం తన కోసం కళ్ళు మూసుకుని పడుకున్నాడు, తనేమో అతని మీద అలిగి కూర్చుంది. చీర చెంగుతో మొహం తుడుచుకుని తలుపు తీసుకుని దిగింది. ఆ కారు పక్కన నడుస్తుంటే ముందు తలుపు ఎంతకీ రాదు. ఎట్టకేలకి వచ్చింది. తీసి, అతని పక్కన కూర్చుంది.

"ఎనక కూకోవే, సోకైన సీటు."

"అక్కడినుంచి నీ మొకం కనపడతం నేదు."

ఎదురుగా ఓడ ఒకటి హార్బరులోకి వస్తోంది. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు.

"రేపు నువ్వూ వత్తన్నావు" అన్నాడు త్రినాథరావు. "బండి అప్పజెప్పీసి తిన్నగా సార్మినారు కాడికే ఎల్దాం."

రేపటితో తను కట్టుకున్న ఊరు పోతుంది. ఉప్పు గాలీ, ఓడల దాకా ఎగిరే పావురాలూ పోతాయి. అసిరమ్మకి ఒక్క క్షణం దిగులేసింది.

"వత్తాను. గానీ అక్కడ దిగేక నాను కాసేపు కళ్ళు మూసుకుంటాను. నువ్వు అవతలికెల్లి ఫోన్ సెయ్యి. ముందరలాగే అన్నీ సెప్పు. అప్పుడు కళ్ళు తెరుత్తాను."

"ఇంక అబద్దాలెందుకే? ఎదరే ఉంటాది గదా."

"నిజమే సెప్పు. సివర్న సంద్రం ఉన్నాదని సెప్పడం మాత్రం మర్సిపోకు."

త్రినాథరావు నవ్వాడు. ఫోన్లు ఇద్దరూ ఇంకా కట్ చేయలేదు. అతను "సరేలే" అన్నది ఆమెకి రెండుసార్లు వినిపించింది.