ఆమె వేసిన ముడి

మా గొర్రెల షెడ్డు పెద్దమ్మ పోయిందని చెన్నైలోని చూలై నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. మధ్యాహ్నం భోంచేసి కాస్త ఒరిగిందట, మళ్లీ లేవలేదు. నేనప్పుడు ల్యాబులో తెల్లకణాలు లెక్కపెడుతున్నాను. ఎంతవరకు వచ్చానో మరిచిపోయాను.

చుట్టరికం లేకపోయినా పెద్దమ్మా అనే పిలిచేదాన్ని. పశువైద్యంలో నాకు ప్రొఫెసర్లు చాలామందే ఉన్నారు గానీ, గొర్రెను చూడటం నేర్పింది మాత్రం షెడ్డు ఊడ్చే ఈమె. రోజూ పొద్దున్నే పొట్టేలుకు, గొర్రెల్ని దాటకుండా, పొట్ట కింద గుడ్డ అడ్డం కట్టి మందలోకి తోలేది. దాని ముందు కదలకుండా నిలబడిన గొర్రె ఎదకొచ్చినట్టు. ఆ గొర్రె మెడకు పాత చీర చింపిన ఎర్ర పీలిక కట్టేది. ఎద దిగాక అది విప్పి పచ్చది కట్టేది. చదువు రాని ఆమెకు అదే రిజిస్టరు. గొర్రెలతో తెలుగు మాట్లాడేది, పొట్టేలుతో తమిళం. ఎందుకని అడిగితే తిట్లు తమిళంలోనే బాగా వస్తాయంది.

నేను చేరిన కొత్తలో ఎవరో పెద్దలు షెడ్డు చూడటానికి వస్తున్నారన్నారు. తెలివి ఎక్కువై, ఆ మాసిన పీలికలన్నీ కత్తిరించి పారేశాను. అదే వారం గర్భసంచుల నుంచి నమూనాలు తీశాను. లెక్కలకు తలా తోకా లేదు. ఒక గొర్రెలో తెల్లకణాలు కోకొల్లలు, పక్కదానిలో వెతికినా లేవు. యంత్రాన్ని తిట్టాను. పెద్దమ్మ నా పక్కన చతికిలబడింది.

“ఎర్రది ఉన్నప్పుడు తీసినవి ఏవి పాపా? పచ్చది ఉన్నప్పుడు తీసినవి ఏవి?”

నోటు పుస్తకం తిరగేశాను, ఏ నమూనా పక్కనా రంగు రాసుకోలేదు. ఎదలో ఈస్ట్రోజన్ పెరిగితే తెల్లకణాలు గర్భసంచిలోకి బారులు తీరతాయి. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ వచ్చి, కడుపులో పడబోయే పిల్లను పరాయిదని తరిమేయకుండా వాటి చేతులు కట్టేస్తుంది. అప్పుడు క్రిములు దూరితే గొర్రెకు కష్టం. ఇదంతా నేను పుస్తకాల్లో చదివినదే. ఎద దాటిన గొర్రెకే చీము పడతాదని ఆమె ఎప్పటినుంచో చెబుతూనే ఉంది, నా చెవికెక్కలేదు.

కసురుకుంటుందని భయపడ్డాను. ఆమె మాత్రం ఇంకో పాత చీర తెచ్చి చింపడం మొదలుపెట్టింది.

“నువ్వు తొందరపడితే అది ఎదకొస్తాదా? ఒక ఎద నుంచి ఇంకో ఎదకు పదిహేడు దినాలు. అన్ని దినాలూ ఈడనే కూర్చో, నాతో పాటు చూడు.”

కూర్చున్నాను. నా పరిశోధన నిలదొక్కుకుంది అక్కడే. అప్పటి నుంచి ప్రతి నమూనా పక్కన పీలిక రంగు రాస్తున్నాను. ఆ రాసిందంతా ఆమెకు చదివి వినిపించాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమె ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఆమె మీద బెంగ పెట్టుకున్నాను. పొట్టేలుకు ఇప్పుడు తిట్లు కూడా లేవు.

ఆమె పోయిన రోజు పొద్దున కట్టిన ఎర్ర పీలిక ఒక గొర్రె మెడలో ఉండిపోయింది. దాని ఎద ఎప్పుడో దిగింది. పుస్తకంలో సరిగ్గానే రాసుకున్నాను గానీ, ముడి విప్పడానికి చేతులు రాలేదు. దినం మారితే పీలిక మారాల అనేది ఆమె. నా పనికి ఆమె కోపగించుకునేదే.

ఆమె పోయి ఇవాళ్టికి పదిహేడు రోజులు. ఇక తప్పదని పచ్చ పీలిక పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. పొట్టేలు మందలోకి వచ్చింది. ఆ గొర్రె దాని ముందు కదలకుండా నిలబడింది, మెడలో పెద్దమ్మ ముడితో.

పచ్చ పీలిక మడిచి జేబులో పెట్టుకున్నాను. రేపు ఎద దిగాక నేనే విప్పాలి.