కొవ్వొత్తి పెట్టే చోటు

మా పక్కింటి అశ్వినికి ఇంకా ముప్ఫై నిండలేదు. ధర్మవరంలో మా వీధిలో ఏ తల్లికి బిడ్డ దక్కకపోయినా ఇప్పుడు మొదట వెళ్లి పక్కన కూర్చునేది తనే. ఆ పిల్లను చూస్తే నాకు ముద్దు, కొంచెం గర్వం కూడా. నేనేదో పెంచి పెద్దచేసినట్టు!

రెండేళ్ల కిందట వాళ్లింట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది. అశ్వినికి పుట్టిన మగబిడ్డ తొమ్మిది రోజులుండి పోయాడు. పసిబిడ్డ పోతే మా వైపు తల్లిని వెంట రానివ్వరు. పూడ్చిన చోటు కూడా చెప్పరు.

"తెలిస్తే దాని కాళ్లు ఆడికే పోతాయి. ఎవురూ నోరు విప్పగూడదు" అని అత్త రుక్మిణమ్మ ఇంటిల్లిపాదితో ఒట్టు వేయించింది. కొడుకు హరీష్‌తో సహా.

అశ్వినికి మాత్రం అదొక్కటే ధ్యాస. కనిపించిన ప్రతివాళ్లనూ అడిగేది. "అక్కా, నా బిడ్డ యాడుండాడు?" నాకు నిజంగానే తెలియదు. తెలిసినా చెప్పేదాన్ని కాదేమో, పాపిష్టిదాన్ని.

వెనక వీధి స్వప్న పాస్టరు ఏసుదాసు కూతురు. ఆమె అశ్విని దగ్గరికి వస్తుంటే, ఇక ప్రసంగం మొదలనుకుని ముఖం చిట్లించాను. ఆ పిల్ల నోరే తెరవలేదు. అశ్విని పక్కన కూర్చుని, మూలన పడున్న రాట్నం తిప్పి, మగ్గానికి కావలసిన దారపు కండెలు చుట్టిపెట్టి వెళ్లింది. వారం రోజులు అదే పని. ఆ తర్వాత ఒకరోజు అశ్విని తననూ అదే అడిగింది.

"ఏసయ్య సంకలో ఉండాడక్కా" అంది స్వప్న. "ఆడ వానికి ఏ నొప్పీ లేదు. మళ్లా చూస్తావు నువ్వు వాన్ని."

ఆహా, చెప్పొచ్చింది పెద్ద, అనుకున్నాను. కానీ అశ్విని ఎన్నాళ్లకో గొంతెత్తి ఏడ్చింది. ఏడ్చి, కడుపు నిండా సంగటి తింది. ఆ ఆదివారం నుంచి చర్చికి పోవడం మొదలుపెట్టింది. రుక్మిణమ్మ రుసరుసలాడింది గానీ, మగ్గం మళ్లీ ఆడుతుంటే ఆపలేకపోయింది.

ఈస్టరుకు చర్చివాళ్లు తమవాళ్ల సమాధులు కడిగి సున్నం కొట్టి, తెల్లవారుజామున పూలు, కొవ్వొత్తులు పెడతారు. పోయినేడు అశ్విని కూడా ఒక కొవ్వొత్తి కొనుక్కొచ్చింది. పెట్టడానికి చోటేది? శనివారం సాయంత్రం దాన్ని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. అడగనందుకే రుక్మిణమ్మ తట్టుకోలేకపోయింది.

ఆదివారం తెల్లవారుతుండగా నా తలుపు తట్టింది. వెనక అశ్విని నిలబడి ఉంది. "చాముండీ, తోడు రా. దీన్ని తీసకపోయేకి నా ఒక్కదానితో కాదు."

ఊరి బయట వంక గట్టున, కానుగ చెట్టు కింద చిన్న మట్టిదిబ్బ. కుక్కలు రాకుండా చుట్టూ ముళ్లకంప. లోపల ఒక్క ఆకు లేకుండా ఊడ్చి ఉంది. దిబ్బ మీద ఇంకా వాడని బంతిపూలు రెండు. ఎవరు పెట్టారో రుక్మిణమ్మ ముఖం చూస్తేనే తెలిసింది. అందరి నోళ్లూ కట్టేసి, ఈ మహాతల్లి మాత్రం ఏడాదిగా వచ్చిపోతూనే ఉందన్నమాట! నాకు ఒళ్లు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

అశ్విని కొవ్వొత్తి వెలిగించి కళ్లు మూసుకుంది. గాలికి ఆరకుండా రుక్మిణమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"తప్పు చేసినాను తల్లీ. నువ్వు ఈడే ఉండిపోతావని భయపడితిని."

"ఉండిపోనత్తా. వాడూ ఈడ లేడు. ఏసయ్య దగ్గర ఉండాడు. మనం చూస్తాం వాన్ని."

రుక్మిణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను ఒక్కనాడన్నా చర్చి గడప తొక్కలేదే. నన్ను గుర్తుపడతాడా వాడు?"

"తొమ్మిది దినాలూ వానికి నీళ్లు పోసింది నువ్వే కదత్తా" అంది అశ్విని. "నీ చెయ్యి వానికి తెలుసులే."